పలక మీద సున్నా

మా పలకలదిన్నెలో చదువుకున్నవారూ చదువుకోనివారూ తేడా లేకుండా నమ్మే మాట ఒకటుంది. ప్రభుత్వాసుపత్రి కొత్త బ్లాకులో మనిషి చావడు. అది కట్టి రెండేళ్లు దాటింది. ఇంతవరకు అందులో ఒక్క ప్రాణమూ పోలేదు.

ఇది టీకొట్టు దగ్గర పుట్టిన పుకారని కొట్టిపారేయడానికి వీల్లేదు. రాజధానిలో అచ్చయి, ముద్ర వేయించుకుని, అద్దం బిగించుకుని వచ్చిన మాట. సూపరింటెండెంటు గారి కుర్చీ వెనక గోడకు వేలాడుతోంది. కారణం దగ్గరే ఊరు మూడుగా చీలిపోయింది. ఈశాన్యం రెండడుగులు పెరిగిందనీ, ఆ పెరుగుదలే కాపాడుతోందనీ వాస్తు తెలిసినవారు అంటారు. పునాది తవ్వినప్పుడు ఎవరిదో పాత సమాధి బయటపడిందనీ, లోపల ఉన్న మహానుభావుడే చూసుకుంటున్నాడనీ కొందరు. గోడలకు వేసిన రంగులో జపానువాళ్లు ఏదో మందు కలిపారని మా వీధి చివరి టైలరు సిద్ధాంతం. నేను నలభై ఏళ్లు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. ఒక ఫలితానికి మూడు కారణాలు వినిపించినప్పుడు, కారణాల మాట తరువాత, ముందు ఆ ఫలితం ఉన్నదో లేదో చూడమని పిల్లలకు చెబుతూ వచ్చాను. ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో మేధావుల కోటా కింద నన్నూ ఒక సభ్యుణ్ణి చేశారు కనుక, ఈసారి చూడవలసిన పని నా మీదే పడింది.

మా ఊరు ఒకప్పుడు పలకలకు పేరు. చుట్టుపక్కల బళ్లలో పిల్లలు మా క్వారీల రాయి మీదే ఓనమాలు దిద్దారు. అక్షరాలు పిల్లలకు వెళ్లాయి. రాతిపొడి మాత్రం ఆ రాయి కోసినవాళ్ల ఊపిరితిత్తుల్లో మిగిలింది. అందుకని ఇక్కడ ఆసుపత్రి అంటే ముందుగా ఊపిరి ఆడించే చోటు. పాత బ్లాకులో అరవై మంచాలు, నూట పది మంది రోగులు, రెండు ఆక్సిజన్ సిలిండర్లు, వానాకాలంలో మూడు బకెట్లు ఉండేవి. ఆధునికీకరణ నిధులు వస్తున్నాయని తెలిసినప్పుడు డ్యూటీ డాక్టరు సువార్త గారు ఆ కప్పు బాగుచేయించి ఇంకో పది సిలిండర్లు కొనిపెట్టమని అడిగారు. నిబంధనలు ఒప్పుకోలేదు. పాతదాన్ని బాగుచేస్తే అది మరమ్మతు అవుతుంది గాని ఆధునికీకరణ కాదట. కొత్తది కడితేనే ఆధునికీకరణ.

కనుక రెండు వందల గజాల అవతల కొత్తది కట్టారు. నలభై మంచాలు. ప్రతి మంచం తలాపున గోడలోంచి ఒక ఆక్సిజన్ గొట్టం. వెనక పెరట్లో రెండు నిలువుల ఎత్తున తెల్లని ట్యాంకు. అప్పగింత నాటి పరీక్ష కోసం దాన్ని ద్రవ ఆక్సిజన్‌తో నిండా నింపి, వాల్వుకు తాళం వేసి, తాళానికి లక్క ముద్ర వేశారు. ముందు తలుపుకు ఎర్ర రిబ్బను కట్టారు.

ఆ రిబ్బను కత్తిరించవలసిన చేతికి తీరిక దొరకలేదు. నాలుగుసార్లు ముహూర్తం పెట్టారు, నాలుగుసార్లు షామియానా వేసి విప్పారు. ఎండకు రిబ్బను వెలిసిపోతే మార్చారు; మార్చినది వెలిసిపోతే మళ్లీ మార్చారు. ప్రారంభం కాని భవనంలోకి రోగిని పంపడం ప్రారంభించబోయే పెద్దవారికి అగౌరవం. అందువల్ల వెనక తలుపు గుండా లోపలికి వెళ్లి వచ్చే మనిషి ఒక్కడే ఉండేవాడు. కాపలాదారు నూర్‌బాషా దస్తగిరి.

దస్తగిరి ముప్ఫై ఏళ్లు క్వారీలో రాయి కోశాడు. నాలుగు మాటలు మాట్లాడితే ఒకచోట ఆగి, ఎవరో పిలిచినట్టు అటు తిరిగి, గాలి పీల్చుకుని మళ్లీ ఇటు తిరిగేవాడు. నీడపట్టున కూర్చుని చేసుకునే పనేదైనా చూసుకోరాదా అని నేను ఒకసారి అడిగాను.

"ఈ పని కోసమే ఏజెన్సీ వాడి చుట్టూ మూడు నెలలు తిరిగినా సారూ. నా ఊపిరి యెప్పుడు ఎగదన్నుద్దో నాకే తెలవదు. అట్టాంటప్పుడు గాలికి పది అడుగుల్లో ఉంటే మంచిది గదా." కాసేపు అటు తిరిగాడు. "పాత బ్లాకులో రెండు గాలి బండలుండాయి. నేను పొయ్యేసరికి ఆ రెండూ ఎవరికో ఒకరికి పెట్టుంటారు. ఈడ నలభై గొట్టాలుండాయి. నాకు ఒకటి చాలు."

ఆ ఏడు శ్రావణ మాసంలో రాజధాని నుంచి ఒక పట్టిక వచ్చింది. రెండో విడత నిధులు కావలసిన ప్రతి బ్లాకూ దాన్ని కంప్యూటరులో నింపాలి. సూపరింటెండెంటు డాక్టర్ చెంచురామయ్య గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆయన మంచివాడు. ఇరవై ఏళ్ల కిందట మంచి డాక్టరు కూడా.

"చేరిన రోగులు. ఖాళీగా వదిలితే ముందుకు పోవడం లేదండీ మేష్టారూ."

"సున్నా అని వేయండి. నిజమే కదా."

"మరణాలు?"

"అదీ సున్నాయే."

మరణాల శాతం కంప్యూటరు తానే లెక్కగట్టి సున్నా అని చూపింది. దానికి ఆకుపచ్చ రంగు పూసి, పక్కన ఒక నక్షత్రం కూడా పెట్టింది.

"సున్నాను సున్నాతో భాగించడం కుదరదండీ. దానికి విలువ లేదు," అన్నాను.

"మీ కాలేజీలో కుదరదేమో మేష్టారూ. ఇక్కడ కుదిరింది, చూడండి. నక్షత్రం వచ్చింది."

నెల తిరక్కుండా కొత్త బ్లాకు రాష్ట్రంలో ప్రథమ స్థానం పొందింది. ప్రశంసాపత్రం పట్టుకుని ఆధునికీకరణ విభాగం ప్రాంతీయ సంచాలకులు పద్మనాభం గారు స్వయంగా వచ్చారు. రిబ్బను తెగలేదు కనుక సభ వరండాలో జరిగింది.

"శూన్య మరణం అనేది ఒక గమ్యం కాదు, ఒక సంస్కృతి," అన్నారు ఆయన. "ఈ బ్లాకు ఆ సంస్కృతిని పునాది స్థాయి నుంచి అలవరచుకున్నది. ఇక్కడి పరిశుభ్రతను గమనించండి. ఇక్కడి నిశ్శబ్దాన్ని గమనించండి. సంక్రమణల శాతం శూన్యం. ఫిర్యాదుల శాతం శూన్యం. ఇదే ప్రాంగణంలోని పాత బ్లాకు మాత్రం నాలుగు శాతం మరణాలతో ఈ సంస్థ ప్రతిష్ఠకు అవరోధంగా కొనసాగుతున్నది. పనితీరు ప్రాతిపదికన నిధులు కేటాయించే ప్రభుత్వ విధానం దృష్ట్యా, పాత బ్లాకుకు ఈ విడత ఏమీ సిఫారసు చేయలేకపోతున్నందుకు చింతిస్తున్నాను."

వెనక వరస నుంచి డాక్టర్ సువార్త లేచారు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నారు, మెడలో స్టెతస్కోపు అలాగే ఉంది. "సార్, మా దగ్గర పోతున్నారంటే మా దగ్గరికి వస్తున్నారనే కదా సార్."

"అదేనమ్మా మీ లోపం," అన్నారు పద్మనాభం గారు, ఏ కోపమూ లేకుండా.

వెళ్లబోతూ ఆయన ఒక ఆదేశం ఇచ్చారు. ఈ ఘనత ప్రజలకు ప్రతిరోజూ తెలియాలి. ముఖద్వారం దగ్గర ఆనాటి మరణాల సంఖ్య ప్రదర్శించాలి. ఎలక్ట్రానిక్ బోర్డుకు టెండరు పిలిచేలోగా తాత్కాలిక ఏర్పాటు చూడమన్నారు. దస్తగిరి మర్నాడు ఇంటి నుంచి చెక్క చట్రం ఉన్న పెద్ద పలక ఒకటి తెచ్చి గేటుకు తగిలించాడు.

"నేను కోసిందే సారూ. మూలన బెజ్జం పడిందని సేటు వద్దన్నాడు. ఇంట్లో పెట్టుకున్నా." బలపం తీసి, పైన 'మరణాలు' అని పట్టిపట్టి రాసి, కింద గుండ్రంగా సున్నా చుట్టాడు. నాలుగు అడుగులు వెనక్కి వెళ్లి చూసుకున్నాడు. "సున్నా బాగా కుదిరింది గదా?"

బాగానే కుదిరింది. ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే తుడిచి మళ్లీ చుట్టేవాడు. మారని అంకెను ఎందుకయ్యా తుడవడం అంటే, "తేదీ మారుద్ది గదా సారూ, నిన్నటి సున్నా ఇయ్యాళకు ఎట్టా పనికొస్తది," అనేవాడు. ఆ ఆసుపత్రి మొత్తం మీద లెక్క పట్ల అంత నిష్ఠ ఉన్న మనిషిని నేను వేరొకరిని చూడలేదు.

ఒకరోజు ఆ పలక పక్కన నిలబడి మాట్లాడుకుంటున్నప్పుడు, పెరట్లోంచి సన్నగా ఈల వినిపించింది.

"ట్యాంకు ఊపిరి తీస్తాంది సారూ," అని నవ్వాడు దస్తగిరి. "నాకంటే దానికే బాగా ఆడుద్ది."

నాకు నవ్వు రాలేదు. ద్రవ ఆక్సిజన్ సున్నాకు నూట ఎనభై మూడు డిగ్రీలు దిగువన మరుగుతుంది. ఎంత మందపు గోడల మధ్య దాచినా బయటి వేడి కొంచెం కొంచెం లోపలికి చేరుతూనే ఉంటుంది. వాడకపోతే అది నిలవ ఉండదు, ఆవిరై రక్షణ వాల్వులోంచి బయటికి పోతుంది. ఆ పోవడమే ఆ ఈల. సంఘం సమావేశంలో ఈ సంగతి చెప్పాను. ఏడెనిమిది నెలల్లో ట్యాంకు ఖాళీ కావచ్చు, పోతున్న ఆ గాలిని పాత బ్లాకుకు గొట్టం వేసి మళ్లిస్తే కనీసం కొందరు పీల్చుకుంటారు అన్నాను.

చెంచురామయ్య గారు వినియోగ రిజిస్టరు తెప్పించారు. "చూడండి మేష్టారూ. వాడకం సున్నా. వాడనిది ఎలా తగ్గుతుంది?"

"కర్పూరం వాడకపోయినా తగ్గుతుంది కదండీ."

"కర్పూరానికి రిజిస్టరు ఉండదు," అన్నారు ఆయన. నా సూచనను మినిట్సులో 'ట్యాంకు శబ్దం గురించి ఒక సభ్యుని ఫిర్యాదు' అని రాసుకున్నారు.

సంక్రాంతి వెళ్లిన వారానికి దస్తగిరి మా ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గర స్తంభం పట్టుకుని చాలాసేపు నిలబడితే గాని మాట రాలేదు. "ఈల ఆగిపొయింది సారూ. మూడు రోజులాయె. ట్యాంకు మీద ముల్లు కూడా సున్నా కాడికొచ్చి నిలబడింది."

ఆ రోజే వ్రాతపూర్వకంగా తెలియజేశాను. జవాబు రావడానికి నెల పట్టింది. "తమరు లేవనెత్తిన శబ్ద సమస్య శాశ్వతంగా పరిష్కరింపబడినదని తెలియజేయుటకు సంతసిస్తున్నాము," అని ఉంది. ముల్లు సంగతి అడగడానికి నేనే వెళ్లాను. చెంచురామయ్య గారు నన్ను ఆప్యాయంగా కూర్చోబెట్టి, ఆ బ్లాకులో ఏ మీటరు మీద సున్నా కనిపించినా కంగారు పడవద్దనీ, అది సంస్థ లక్ష్యమనీ చెప్పారు.

ఈలోగా పేరు పాకింది. పొరుగు జిల్లా నుంచి పన్నెండు మంది అధికారులు అధ్యయనానికి వచ్చి, కిటికీ అద్దాలకు ముఖాలు ఆనించి లోపలి మంచాలను చూసి, నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. వారి నివేదిక ప్రతి ఒకటి నాకు చేరింది. మరణాలకు మూలకారణం రోగులే అన్నది వారి ప్రధాన నిర్ధారణ. 'రోగుల ప్రవేశాన్ని హేతుబద్ధీకరించే నమూనా'ను తమ జిల్లాలోనూ దశలవారీగా అమలు చేస్తామని రాశారు. తరువాత ఆ జిల్లాలో రెండు వార్డులకు తాళం వేసి ప్రశంసాపత్రాలు పొందారని విన్నాను.

అధికారులు కిటికీ దగ్గర ఆగారు. జనం తలుపు దాకా వచ్చారు. గ్రిల్లుకు పసుపు తాళ్లు వెలిశాయి. పునాది పక్క మట్టి గుప్పెడు గుప్పెడు తీసుకుపోతుంటే ఈశాన్యం మూల గుంట పడింది; పెరిగిన ఈశాన్యం తరుగుతోందని వాస్తు తెలిసినవారు ఆందోళన పడ్డారు. ఒక మధ్యాహ్నం నలుగురు కొడుకులు ముసలి తండ్రిని ఆటోలో తెచ్చి, తలుపు గడియకు చెయ్యి తాకించమని దస్తగిరిని బతిమాలారు.

"అన్నా, చెయ్యి ఆనిస్తే చాలన్నా. లోపలికి రాములే."

దస్తగిరి రొప్పుకుంటూనే దారి ఇచ్చాడు. ముసలాయన మాత్రం చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"గడియ నాకేం సూదేస్తదంట్రా? పాత దానికే పోనీయండి. ఆడ ఒక నర్సమ్మన్నా ఉంటది, తిట్టనీకన్నా."

నేను ఆ ఏడాది విన్న వైద్య సలహాలలో అదే మేలైనది.

జనం ఒత్తిడికి రాజధాని స్పందించింది. ప్రారంభోత్సవం తరువాత రోగులను చేర్చుకోవడం తప్పనిసరి కావచ్చు. అయితే సాధించిన రికార్డుకు భంగం రాకూడదు. ఈ రెండింటినీ సమన్వయం చేస్తూ పద్మనాభం గారు అర్హత నిబంధనలు రూపొందించారు. చికిత్స కాలంలో మరణించే అవకాశం లేదని గెజిటెడ్ అధికారి ధృవీకరించిన వ్యక్తి మాత్రమే కొత్త బ్లాకులో చేరడానికి అర్హుడు. దరఖాస్తుకు ఇద్దరు సాక్షులు కావాలి. ధృవీకరణకు విరుద్ధంగా మరణించిన పక్షంలో ఆ వ్యక్తి అనర్హుడిగా పరిగణింపబడి, చేరిన తేదీ నుంచే అతని ప్రవేశం రద్దవుతుంది.

మూడు వందల దరఖాస్తులు వచ్చాయి. మొదటిది డాక్టర్ సువార్త తన చేతితో నింపి తెచ్చారు. దస్తగిరిది. అప్పటికి వారానికి రెండుసార్లు అతన్ని రెండు వందల గజాలు స్ట్రెచరు మీద పాత బ్లాకుకు తోసుకుపోయి, అతని వంతుకు సిలిండరు దొరికేదాకా వరండాలో కూర్చోబెట్టవలసి వస్తోంది.

"ఇతనికి ఏం జబ్బమ్మా?" అన్నారు చెంచురామయ్య గారు.

"ఊపిరితిత్తుల్లో రాతిపొడి సార్. ఆక్సిజన్ అవసరం."

"అవసరం అని రాస్తే అర్హత పోతుంది కదా. అవసరం లేదని రాయి, సంతకం పెడతాను."

"అవసరం లేకపోతే మంచం ఎందుకు సార్?"

"అదే నేనూ అంటున్నది," అని ఆయన దరఖాస్తు మీద 'దరఖాస్తుదారు అస్వస్థుడైనందున తిరస్కరించడమైనది' అని రాశారు. రాసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఒకప్పటి డాక్టరు ఆయనలో ఆ తుడుచుకున్నంతసేపు ఉన్నట్టు నాకు అనిపించింది. సువార్త గారు ట్యాంకు నింపించమని ఇండెంటు కూడా పెట్టారు. వాడినంతే నింపాలన్నది నియమం కనుక, వాడకం సున్నా చూసి, సున్నా లీటర్లు మంజూరు చేశారు.

చివరికి, కట్టిన ఇరవయ్యో నెలలో, రిబ్బను కత్తిరించే చేతికి తీరిక దొరికింది. తేదీ ఖాయమయ్యాక ఒక లోటు బయటపడింది. ముఖ్య అతిథి లోపల అడుగుపెట్టేసరికి నలభై మంచాల మీద నలభై మంది ఉండాలి, ఫొటోలు రావాలి. నిబంధనల ప్రకారం అర్హులైన రోగులు ఊళ్లో లేరు. అర్హులు మాత్రం పుష్కలంగా ఉన్నారు. మున్సిపల్ ఆఫీసు నుంచి పద్దెనిమిది మంది, తాలూకా ఆఫీసు నుంచి పన్నెండు మంది, మిగతావారు పార్టీ కార్యకర్తలు. అందరికీ ఆకుపచ్చ గౌన్లు కుట్టించారు. నలభై మందికీ బీపీ చూసి, ఎక్కువగా ఉన్న ఇద్దరిని తీసేశారు. వారి బదులు వ్యాయామశాల నుంచి ఇద్దరిని తెచ్చారు.

ఆ ఉదయం దస్తగిరి పలక తుడిచి సున్నా చుట్టాడు. దగ్గు ప్రసంగానికి అడ్డం రాకుండా గేటు వదిలి ట్యాంకు వెనక్కి పొమ్మని పోలీసులు అతనికి చెప్పారు. బలపం చేతిలోనే పట్టుకుని వెళ్లాడు. నేను సభ్యుల బ్యాడ్జీ తగిలించుకుని వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. ముందు వరండాలో పద్మనాభం గారి స్వాగత ప్రసంగం మొదలైంది. లోపల ఏసీ చల్లదనానికి మున్సిపల్ సిబ్బందిలో సగం మంది అప్పుడే గురక పెడుతున్నారు.

పదకొండు దాటాక పెరట్లో ఏదో పడిన చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే దస్తగిరి ట్యాంకు దిమ్మెకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. పెదవులు అతను కోసిన రాయి రంగులో ఉన్నాయి. నేను కేక వేస్తే డాక్టర్ సువార్త పరుగెత్తుకొచ్చారు. ఇద్దరం చెరో పక్క పట్టుకుని వెనక తలుపు గుండా లోపలికి తెచ్చాము. ఒకటో నంబరు మంచం మీద రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారు పడుకుని ఉన్నారు.

"లేవండి," అన్నారు సువార్త గారు.

"నా ఫొటో ఇంకా తియ్యలేదమ్మా."

ఆమె ఆయన్ని లేపలేదు, దొర్లించారు. దస్తగిరిని ఆ మంచం మీద పడుకోబెట్టి నా చేతికి అతని చెయ్యి ఇచ్చి, ట్యాంకు అడుగున కాస్తయినా మిగిలి ఉంటుందేమోనని పెరట్లోకి వెళ్లి రాయితో వాల్వు తాళం పగలగొట్టి, తిరిగి వచ్చి ముఖానికి మాస్కు పెట్టి, గోడలోని మర తిప్పారు. ఏ చప్పుడూ రాలేదు. రెండో మంచం మర తిప్పారు, మూడోది తిప్పారు. ఆ వరసలో పదకొండు మరలు తిప్పారు. మంచాల మీద ఉన్నవారు, పరీక్ష తమకేమో అనుకుని, కళ్లు మూసుకుని కదలకుండా పడుకున్నారు.

పాత బ్లాకు నుంచి సిలిండరు తెమ్మని ఆయాను పంపారు. ఆమె తెచ్చింది కూడా. నూట యాభై గజాలు దొర్లించుకుని వచ్చాక బారికేడు దగ్గర ఆపారు. మనుషులకు పాసులున్నాయి, సిలిండరుకు పాసు లేదు. దానికి పాసు ఎవరివ్వాలో వారు వరండాలో ప్రసంగిస్తున్నారు.

"...శూన్యం!" అంటున్నారు మైకులో పద్మనాభం గారు. "మన ప్రాచీనులు ప్రపంచానికి ఇచ్చిన ఆ శూన్యాన్ని ఈ రోజు వైద్యరంగానికి మనం తిరిగి ఇస్తున్నాము!" చప్పట్లు చాలాసేపు మోగాయి. దస్తగిరి ఎవరో పిలిచినట్టు అటు తిరిగాడు.

చెంచురామయ్య గారు లోపలికి వచ్చింది అప్పుడే. నాడి చూశారు. చూడవలసినంతసేపే చూశారు. తరువాత ఆయన నోటి నుంచి వచ్చిన మాటలు ప్రాంతీయ సంచాలకుల మాటల్లాగే ఉన్నాయి. "ఈ వ్యక్తికి మెరుగైన చికిత్స అవసరమని భావించి పాత బ్లాకుకు తరలిస్తున్నాము."

"సార్, ఇతను..." అన్నారు సువార్త గారు.

"తరలిస్తున్నాము," అన్నారు ఆయన, నా వైపు గాని ఆమె వైపు గాని చూడకుండా.

స్ట్రెచరు వెనక తలుపు దాటేసరికి ముందు తలుపు దగ్గర రిబ్బను తెగింది. ఇన్‌స్పెక్టరు గారు గబగబా వచ్చి ఒకటో నంబరు మంచం మీద పడుకుని, మాస్కు పెట్టుకున్నారు. ముఖ్య అతిథి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి, ఇప్పుడు ఎలా ఉందని అడిగారు.

"చాలా బాగుంది సార్," అన్నారు ఆయన.

మర్నాడు పత్రికల్లో వచ్చిన ఫొటో అదే.

తరువాత నేను మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి, కొత్త బ్లాకు ప్రవేశ రిజిస్టరులో ఆ పేరు గల వ్యక్తి చేరినట్లు లేదనీ, చేరని వ్యక్తి అక్కడ మరణించడం పాలనాపరంగా సాధ్యం కాదనీ జవాబు వచ్చింది. మూడోదానికి, మేధావుల కోటా గడువు ముగిసిందని వచ్చింది. సువార్త గారిని తాళం పగలగొట్టిన నేరానికి కొండల అవతల ఆరోగ్యకేంద్రానికి బదిలీ చేశారు. కొత్త బ్లాకు ఈ ఏడూ ప్రథమ స్థానంలోనే ఉంది. రిబ్బను తెగినా వెనకటిలాగే శుభ్రంగా ఉంది, నిశ్శబ్దంగా ఉంది. ఎలక్ట్రానిక్ బోర్డు కూడా వచ్చింది. దాని మీద ఎర్రటి సున్నా రాత్రింబవళ్లు వెలుగుతూ ఉంటుంది. దాన్ని తుడవవలసిన పని లేదు.

నిన్న సాయంత్రం హుసేనమ్మ మా ఇంటికి వచ్చింది. దస్తగిరి భార్య. అతను పోయిన రోజు ఆమె మిరపకోతకు వెళ్లి ఉంది. కబురు అంది వచ్చేసరికి శవం పాత బ్లాకు వరండాలో ఉంది. నిన్న ఆమె చంకలో గుడ్డ చుట్టిన పలక, చేతిలో మడతలు పడ్డ కాగితం ఉన్నాయి. బోర్డు వచ్చింది కనుక పలక ఇచ్చేశారట. కాగితం చదివి చెప్పమంది. మరణ ధృవపత్రం. స్థలం పాత బ్లాకు, సమయం పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు అని ఉంది. చదివి చెప్పాను.

ఆమె తల ఊపింది. "అదే సారూ అందరూ అంటుండారు. ఈన్ని పాత దాంట్లోకి తీసకపోబట్టే పాయెనంట. కొత్త దాంట్లోనే ఉంచుంటే బతికేవోడంట గదా. ఆడ ఎవురూ సావరంట గదా." గొంతు తగ్గించింది. "దినామూ ఆడనే ఉండేటోడు. కడాకరికి ఎందుకు మార్చినారు సారూ? మాకు లేకనా? ఎవురికన్నా ఏమన్నా ఇచ్చుంటే ఉంచేటోళ్లా?"

నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన నోరు నాది. ఆమె నా ముఖం వంక చూస్తూ కూర్చుంది. అప్పుడు చెప్పాను.

మారుస్తున్నప్పటికే అతను లేడమ్మా. దస్తగిరి కొత్త బ్లాకులోనే చనిపోయాడు. ఒకటో నంబరు మంచం మీద, పదకొండు గంటల నలభై నిమిషాలకు. చెయ్యి నా చేతిలోనే ఉంది. వేళ్లకు బలపం పొడి ఉంది.